పేరు పెట్టని పాట

మూడేళ్లయినా ఆ నవ్వు సంతోషి చెవుల్లోంచి పోలేదు. మామూలు మనుషులు ఇలాంటివి మరిచిపోతారు, లేదా మరిచిపోయామని చెప్పుకుని బతికేస్తారు. సంతోషి ఆ రెండు రకాలూ కాదు. పగను సన్నని సెగ మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ కూర్చునే రకం.

సంగతి ఇదీ. ఇంటర్ అయిపోయాక ఆ పిల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. నడిపేది పట్టాభి సారు. కృష్ణా జిల్లా మనిషి. టక్కు, టై, చేతిలో మార్కర్ పెన్ను, నోట్లో ఎప్పుడూ ఒక జోకు. మొదటిరోజు ఒక్కొక్కరినీ లేపి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారో ముందు తెలుగులో చెప్పండి, దాన్నే ఇంగ్లీషులోకి మారుద్దాం అన్నాడు. సంతోషి లేచింది.

"పొద్దుగాల లేస్త సార్. లేసి నల్లా నీళ్లు వడ్త. మా నాయిన ఆటో కడుగుతుంటె జర సాయం జేస్త..."

సారు మార్కర్ పైకెత్తి ఆపాడు. "ఏమన్నావు, పొద్దు...?"

"పొద్దుగాల సార్."

"మళ్లీ చెప్పు తల్లీ. అందరూ వినండి."

ఐదుసార్లు చెప్పించాడు. అరవై మంది ఐదుసార్లు నవ్వారు. అందులో సగం మంది నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలే. ఇంట్లో అమ్మతో అదే మాట మాట్లాడేవాళ్లే. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా వాళ్లే. చివరికి సారు, "ఇంగ్లీషుకేం తొందర లేదమ్మా, ముందు తెలుగు నేర్చుకుని రా" అన్నాడు. సంతోషికి తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి ఆ మెట్లెక్కలేదు. కానీ అంతటితో పోలేదు. తర్వాత రెండు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో "మీ గురించి చెప్పండి" అనగానే నాలుక అంగిలికి అతుక్కుపోయింది. తన నోరు తనది కాకుండా పోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి, తీసుకుపోయినవాడి ముఖం మాడ్చి మరీ తెచ్చుకోవాలి. ఇంతకుమించి ఆమెకు మరో కోరిక లేదు.

అందుకే పని కోసం వెతికినప్పుడు కావాలనే అదే కాంప్లెక్సులో, ఆ ఇన్‌స్టిట్యూట్ మెట్ల కిందే ఉన్న మహేష్ మొబైల్ షాపులో చేరింది. శత్రువు రోజూ కళ్ల ముందు తిరుగుతుంటే పగ చల్లారదని ఆమె లెక్క. అది నిజమే. పట్టాభి సారు రోజుకు నాలుగుసార్లు ఆ మెట్లెక్కేవాడు, నాలుగుసార్లూ సంతోషి పళ్లు నూరేది.

షాపులో ఆమె పని మెమరీ కార్డుల్లో పాటలెక్కించడం. జనం వచ్చి ఫోన్లోంచి గోరంత కార్డు తీసిస్తారు. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి, అడిగినవి నింపివ్వాలి. కొత్త సినిమాలు, అయ్యప్ప పాటలు, ఈ మధ్య అన్నిటికంటే ఎక్కువగా తెలంగాణ పాటలు. అది రెండువేల పదకొండు. వారానికొక బంద్, రోజుకొక ర్యాలీ, ఏ ఆటో చూసినా ఉద్యమ పాటే. ఆ కంప్యూటర్ హార్డ్ డిస్కులోనే ఒక మూల, ఎవరో కస్టమర్ వదిలేసి పోయిన ఫోల్డర్ ఒకటి సంతోషికి దొరికింది. అంతా అమెరికా హిప్ హాప్.

మొదటిసారి విన్నప్పుడు ఇదేం పాట, రాగం లేదు, ఎవరో గొడవ పడుతున్నారు అనుకుంది. రెండోసారి విన్నప్పుడు ఆ గొడవ తనదే అనిపించింది. సగం మాటలు అర్థం కాలేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని సాహిత్యం చదివి, డిక్షనరీ తిరగేసి, ఒక్కో పాటను వారం రోజులు నమిలింది. వాళ్లెవరో, ఏ దేశపు గల్లీల వాళ్లో. కానీ నోరు తెరవగానే తమ గల్లీ పేరు చెప్పుకుంటారు. ఇంట్లో ఎలా మాట్లాడతారో మైకులోనూ అలాగే మాట్లాడతారు. వినేవాడికి అర్థం కాకపోతే వాడే కష్టపడి నేర్చుకోవాలి. మూడేళ్ల కింద ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది.

అన్నిటికంటే ఆమెను పట్టేసింది డిస్. అంటే తిట్టుపాట. అందులో మొదటి కట్టుబాటు: తిట్టేవాణ్ని పేరు పెట్టి తిట్టాలి. పేరు దాస్తే పిరికితనం. తిట్టు తిన్నవాడు చేయి ఎత్తకూడదు, తిరిగి పాటే కట్టాలి. ఇది వినగానే సంతోషికి నానమ్మ అండాలమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. కర్మన్‌ఘాట్ గల్లీలో ఎవరైనా బిందెల వరస తప్పిస్తే అండాలమ్మ నల్లా దగ్గర నిలబడి తిట్లు ఎత్తుకునేది. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ ఆపి అవతలివాళ్ల ముఖంలోకి చూడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అమెరికావాళ్లు ఈ ముసలిదాన్ని ఒక్కసారి విని ఉంటే కాళ్లకు దండం పెట్టేవాళ్లని సంతోషి గట్టి నమ్మకం.

ఒక బంద్ రోజు, షట్టర్ సగం దించి యజమాని మహేష్ ర్యాలీకి పోయాడు. సంతోషి ఫోల్డర్‌లోంచి మాటల్లేని బీటు ఒకటి తీసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. గొంతులో మూడేళ్లుగా ఇరుక్కున్నదంతా కక్కేసింది.

*టక్కు జేసిన సారు, టై గట్టిన సారు,*
*నా నోట్లె మాట గుంజి నలుగుర్ల నవ్విన సారు,*
*పొద్దుగాలనే అన్న, మల్ల గదే అంట,*
*నీ పొద్దు గుంకెదాంక పొద్దుగాలే అంట!*
*మా కర్మన్‌ఘాట్ గల్లీల మైకు లేదు సారు,*
*మా అవ్వ నోరుండంగ మైకెందుకు సారు?*

పేరు మాత్రం పెట్టలేదు. పెడదామని మూడుసార్లు నోరు తెరిచింది. పట్టాభి అని పలికితే మర్నాడే మహేష్‌ని పిలిచి కంప్లయింట్ ఇస్తాడు, ఉద్యోగం ఊడుతుంది, మెట్ల కింద ఈ చోటు పోతుంది. సారు అంటే సారుకు తెలియదా ఏంటి, అని మనసుకు సర్దిచెప్పుకుంది. అలా కట్టుబాటు తప్పింది. తప్పానని ఆమెకు తెలుసు.

ఆ రోజు నుంచి షాపుకొచ్చిన ప్రతి కార్డులోనూ, ఎవరు ఏం అడిగినా, మొదటి పాటగా అదే ఎక్కించింది. అయ్యప్ప భక్తులకూ వదల్లేదు. పది రోజుల్లో మెట్ల మీద కుర్రాళ్ల ఫోన్లలో మోగింది. నెల తిరిగేసరికి షేర్ ఆటోల్లో మోగింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేసిన రోజున పెద్ద సౌండ్ బాక్సుల్లో అదే మోగింది. జనం లేచి చిందేశారు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. సంతోషి నాయిన తన ఆటోలో అదే పాట పెట్టుకుని, "ఎవ్వతో గానీ మంచిగ తిట్టింది బిడ్డా" అన్నాడు.

ఆమె ఎదురుచూస్తున్న చెవులు వేరే. పట్టాభి సారు వినాలి, ముఖం మాడాలి, మెట్లెక్కేటప్పుడు కాళ్లు తడబడాలి.

సారు విన్నాడు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం నవ్వుకుంటూ షాపులోకి వచ్చాడు. "అమ్మాయ్, అదేదో పొద్దుగాల పాట ఉందటగా? పెన్ డ్రైవ్‌లో వేసివ్వు. ఒక స్పీకరు కూడా పైకి పంపు. క్లాసులో వినిపించాలి."

సంతోషి పెన్ డ్రైవ్ అందుకుంది. "క్లాసుల ఎందుకు సార్?"

"ఉచ్చారణ పాఠం. మాట ఎలా ఉండకూడదో చెప్పడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు." సారు ఆమె ముఖంలోకి సూటిగా చూస్తూనే అన్నాడు. ఆ కళ్లలో గుర్తింపు లేదు. ఏడాదికి వెయ్యిమందిని చూసే కళ్లు, అందులో ఎవరిని ఏడిపించాడో ఆయనకేం తెలుసు? గుర్తే లేనివాడి మీద పగ తీర్చుకోవడమంటే గోడను కొట్టడమే. సంతోషి ఒళ్లంతా మండింది.

స్పీకరు తనే మోసుకుని మెట్లెక్కింది. మూడేళ్ల తర్వాత అదే గది, అవే బల్లలు. స్పీకరు పెట్టి, వెళ్లిపోకుండా తలుపు పక్కన నిలబడింది.

సారు పాట పెట్టి రెండు లైన్లకు ఆపాడు. మార్కర్ పైకెత్తాడు. "విన్నారా? దీన్ని తెలుగంటారా?" అని నవ్వి, క్లాసు నవ్వడం కోసం ఆగాడు.

ఒక్కరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో మూడో లైను ఎత్తుకున్నారు. "పొద్దుగాలనే అన్న..." పక్కవాడు కలిశాడు. ఆ తర్వాత గది గదంతా కలిసింది. అందరి కార్డుల్లోనూ ఉన్న పాటే, అందరికీ కంఠతా వచ్చు. అరవై మంది బల్లలు చరుస్తూ, సారు కళ్లలోకి చూస్తూ పాడారు. "నీ పొద్దు గుంకెదాంక" దగ్గర అద్దాలు అదిరాయి. సారు ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా ఇంకిపోవడం సంతోషి కళ్లారా చూసింది. ఆమె కడుపు చల్లబడింది. చెప్పకేం, అంత సుఖం ఆమె జన్మలో ఎరగదు.

సారు గట్టి మనిషి. హాజరు పట్టీ చంకలో పెట్టుకుని, ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా బయటికి జారుకున్నాడు. పాట ఇంకా వేడి మీదే ఉంది, తిట్టడానికి మాత్రం మనిషి లేడు. క్లాసు కళ్లు చుట్టూ తిరిగి ముందు బెంచీ మీద ఆగాయి. అక్కడొక పిల్ల తల దించుకుని కూర్చుంది. పాడలేదు, బల్ల చరవలేదు. పేరు అమల. గుడివాడ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతోంది.

"గామె ఎందుకు వాడ్తలేదు?" అని ఎవరో అరిచారు. "లెవ్వు. నువ్వు గూడ అను."

అమల లేచింది. "నాకు రాదండీ."

"పొద్దుగాల అను. మీ ఊర్ల ఏమంటరు?"

"పొద్దున్నే అంటామండీ."

ఆ "అండీ" దగ్గర ఒక కిసుక్కుమన్న నవ్వు వినబడింది. దాని వెంట గదంతా నవ్వింది. "మల్లొక్కసారి అను. అందరు వినున్రి!" అన్నాడు వెనక బెంచీవాడు. మళ్లీ చెప్పించారు. మళ్లీ నవ్వారు. అమల మెడ దాకా ఎర్రబడింది. కళ్లెత్తి తలుపు వైపు చూసింది, దారి ఉందా అని. తలుపు పక్కన సంతోషి ఉంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఉంది. మొదట కిసుక్కుమన్నది ఆమే.

ఆ కళ్లు తన మీద పడగానే సంతోషి చేయి దించేసింది. "ఇగ సాలు, ఆపున్రి!" అని అరిచింది గానీ బల్లల మోతలో ఎవరికీ వినబడలేదు. ఐదోసారి నవ్వు అయ్యేలోపు అమల పుస్తకాలు గుండెకు హత్తుకుని, సంతోషిని రాసుకుంటూ మెట్లు దిగిపోయింది.

నాలుగు రోజుల్లో పట్టాభి సారు బోర్డు మార్పించాడు. పాత పేరు ముందు పెద్ద అక్షరాల్లో "తెలంగాణ" అని రాయించి, కింద "మన యాసలోనే ఇంగ్లీషు" అని చేర్పించాడు. అడ్మిషన్లు ఇంతకు ముందుకంటే పెరిగాయి. ప్రారంభోత్సవానికి ఆ పాటే పెట్టించి, చప్పట్లు కొడుతూ ఊగాడు కూడా. కిందనుంచి చూస్తున్న సంతోషికి కోపం కూడా రాలేదు. తను విసిరింది ఆయన్ని తాకనేలేదు. తాకింది ఎవరినో ఆమెకు బాగా తెలుసు, నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు.

ఆ సాయంత్రం అమల షాపుకొచ్చింది. కార్డు తీసి కౌంటర్ మీద పెట్టింది. "ఇందులో మొదటి పాట తీసెయ్యండి. నేను అడగలేదు, మీరే వేశారు."

సంతోషి తీసేసింది. కార్డు తిరిగివ్వలేదు. "గా పాట రాసింది గూడ నేనే" అంది.

"నేను మిమ్మల్ని ఏమన్నానండీ?"

"నువ్వేమన్లె. పైన సారు అన్నడు. మూడేండ్ల కింద గదే రూముల నన్ను నిలబెట్టి నవ్విండు. గాయన మీద రాసిన."

"ఆయన పేరు లేదు కదండీ అందులో."

"లేదు."

"పేరు పెట్టకుండా వదిలేస్తే ఎవరికి దొరికినవాళ్ల మీద వాళ్లు వాడతారు. మొన్న నా మీద వాడారు." అమల గొంతు వణకలేదు. ఏడుస్తుందేమో అనుకున్న సంతోషి అంచనా తప్పింది. "అందరికంటే ముందు మీరే నవ్వారు. నేను చూశాను."

"నవ్విన" అంది సంతోషి. క్షమించమని అడిగితే సరిపోదని ఆమెకు తెలుసు. పట్టాభి సారు వచ్చి క్షమించమంటే తను ఒప్పుకునేదా? చెప్పుతో కొట్టినట్టు మాట్లాడి పంపేది. హిప్ హాప్ నేర్పిన మర్యాద ఆమెకు ఒకటే వచ్చు. కౌంటర్ మీదున్న ఫోన్ అమల ముందుకు జరిపింది.

"నువ్వు రాయి. నన్ను తిట్టు. నీ మాటల్ల, మీ ఊర్ల ఎట్ల మాట్లాడ్తరో గట్లనే తిట్టు. గీ ఫోన్ల రికార్డ్ జెయ్యి. గీడికొచ్చే ప్రతి కార్డుల నా చేత్తో నేనే ఎక్కిస్త."

"నిజంగా ఎక్కిస్తారా?"

"ఎక్కిస్త."

"మా తెలుగులో తిడితే ఇప్పుడు ఎవరు వింటారండీ?"

"నేను వింట."

అమల ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది, కొట్టడానికి చోటు వెతుక్కున్నట్టు. తర్వాత సంచీలోంచి నోటుపుస్తకం, పెన్ను తీసింది. కొత్త పేజీ తిప్పి, కౌంటర్ మీద పెట్టుకుంది.

"మీ పేరు?"

"సంతోషి."

"ఇంటిపేరు కూడా చెప్పండి" అంది అమల. "ఇక్కడ సంతోషిలు చాలామంది ఉంటారు. ఇంకొకళ్లకి తగలకూడదు."

సంతోషి చెప్పింది. అమల అక్షరం అక్షరం రాసుకుంది.