మా అత్తగారి బ్లీచింగ్ సాయం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ లోకంలో ఒక్కరి మీద మాత్రం దాన్ని చూపించలేను. ఆవిడ మా అత్తగారు. పిల్లనిచ్చిన మనిషి మీద ఎలా అరుస్తాం చెప్పండి?

ఊరి చివర, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను ఆపరేటర్ని. మాతోనే ఉండే మా అత్తగారు ఆ పాయలోనే ఆల్చిప్పలు ఏరుతుంది. అంటే నేను వదిలే నీళ్ల మీదే ఆవిడ బతుకు. అయినా తొమ్మిదేళ్లుగా ఎవరడిగినా "మా అల్లుడికి నీళ్ల ఆఫీసులో ఉద్యోగం" అంటుంది. మురుగు అన్న మాట చచ్చినా ఆవిడ నోట రాదు.

ఆ శుక్రవారం తనిఖీ. మేం వదిలే నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేస్తారు. తప్పామా, ఏడాదిపాటు పాయలో ఎవరూ దిగకూడదు. వారం నుంచీ ఇంట్లో ఇదే గోల.

సోమవారం పొద్దున్నే వెళ్లి పెద్ద తొట్టి చూశాను. రోజూ గోధుమరంగులో, తడిమట్టి వాసనతో ఉండే నీళ్లు బూడిదరంగుకు తిరిగి తెల్లటి నురగ కక్కుతున్నాయి. ఘాటు వాసన. ఆ తొట్టిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లల్లో ఉంటాయి. ఊరి మురుగు తినేది అవే, నేను చేసేదల్లా వాటికి గాలి కొట్టడం. నేను వాటిని పిల్లలంటాను. ఒక చుక్క తీసి మైక్రోస్కోపులో చూశాను. ఒక్కటంటే ఒక్కటీ కదలడం లేదు.

ఎవడురా ఈ పని చేసిన వెధవ అని తిట్టుకుంటూ, ఈ కబురు చెప్పడానికి ఇంటికి పరిగెత్తాను. వాకిట్లో అత్తగారు ఖాళీ బ్లీచింగ్ సంచులు మడతపెడుతోంది.

"వచ్చావా అల్లుడూ! శుక్రవారం నీకు మాట రాకూడదని నిన్న సాయంత్రం మా ఆల్చిప్పలవాళ్లందరం ఇల్లిల్లూ తిరిగి, బకెట్ చొప్పున తూముల్లో పోయించాం. ఒక్క ఇల్లు వదిలితే ఒట్టు! నీ తొట్టి ఈపాటికి మిలమిలలాడిపోతూ ఉండాలే!"



"అత్తయ్యా, అవన్నీ చచ్చిపోయాయి."

"ఏవి?"

"మురుగు తినేవి. బ్లీచింగ్ పడితే అవి బతకవు."

ఆవిడ చేతిలోంచి సంచి జారిపోయింది. "అయ్యో, నా చేతులారా కొంప ముంచానే! మరి పాయో?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు చూసేసరికి నా కోపం ఎటు పోయిందో తెలీదు. పాపం, తొమ్మిదేళ్లలో మొదటిసారి నా పనికి సాయం చేసింది మరి.

"మళ్లీ పుట్టవా?" అంది.

"వాటంతటవి పెరగాలంటే నెల పడుతుంది. శుక్రవారానికి కావాలంటే బతికున్నవి తెచ్చి పోయాలి. పక్క ఊరి తొట్టిలో ఉన్నాయి గానీ, అక్కడి ఆపరేటర్‌కీ నాకూ పడదు."

"ఓస్, ఇంతేనా! పాలకి తోడు అడగడమేగా. పద, నేనడుగుతా."

ట్యాంకర్ లారీలో డ్రైవర్ పక్కన కూర్చుంది మా అత్తగారు. పక్క ఊరి ఆపరేటర్ ముందు చేతులు కట్టుకుని, "బాబూ, మా తొట్టి విరిగిపోయింది. కాస్త తోడు పోసి పుణ్యం కట్టుకో" అంది. వాడు పడీపడీ నవ్వి మూడు ట్యాంకర్లు నింపాడు.

ఆ నాలుగు రోజులూ ఆవిడ ఊరందరి ప్రాణం తోడేసింది. "బ్లీచింగ్ డబ్బా మూత తీశారో, చేతులు విరగ్గొడతా!" అంటూ వీధివీధికీ కాపలా. మధ్యాహ్నం కాగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తొట్టి దగ్గరికొచ్చి "లేచాయా?" అని అడిగేది. గురువారం కొంగు సంగతే మర్చిపోయింది. మైక్రోస్కోపులో తొంగిచూసి, "అమ్మో, ఒక్కచోట కుదురుండవేం ఇవి! అచ్చం నీ పెళ్లాం చిన్నప్పటిలా!" అంటూ పొంగిపోయింది.

శుక్రవారం నీళ్లు పట్టుకెళ్లారు. తర్వాత ఐదు రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఆరో రోజు కాగితం వచ్చింది. గట్టెక్కాం!

నేను ఆ కాగితం పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తాను. ఆడవాళ్లు కేకలేస్తూ బుట్టలతో నీళ్లలోకి దిగారు. ఆల్చిప్పలు కొనడానికి వచ్చినావిడ నన్ను చూపించి, "ఈయనెవరు?" అని అడిగింది.

"మా అల్లుడు" అంది అత్తగారు, అందరికీ వినపడేలా. "ఊరి మురుగంతా కడిగేది ఇతనే."

 వెంటనే నావైపు తిరిగి, "అది సరే గానీ, మన తొట్టిలో పిల్లలకి సాయంత్రం ఏం పెడతావు?" అంది.

"ఏముంది అత్తయ్యా, మీరంతా స్నానం చేసిన నీళ్లే."

"అయితే ఇవాళ రెండుసార్లు చేస్తా" అని పాయలోకి దిగింది.