హిట్ కాలేదట

శుక్రవారం ఉదయం పదిన్నరకు ఖిలా వరంగల్ సమీపంలోని కాలేజీ మైదానంలో, మహిళల అంతర్ జిల్లా బేస్‌బాల్ ఫైనల్లో వరంగల్ జట్టు ఖమ్మంపై 2–0తో గెలిచింది. బంతి విసిరిన నవత నో-హిట్ నమోదు చేసింది. అంటే, ఆట మొత్తంలో ఎదుటి జట్టులో ఒక్కరూ ఆమె బంతిని కొట్టి బేస్ చేరలేకపోయారు. అమెరికా మేజర్ లీగుల్లో నూట యాభై ఏళ్లలో ఇలాంటివి మూడు వందల చిల్లర.

అదే సమయంలో నవత తండ్రి సమ్మయ్య దవాఖానలో గుండె ఆపరేషన్ కోసం మంచం మీద ఉన్నాడు. ఆయన పవర్‌లూమ్ కార్మికుడు. ఫైనల్ ఆడనన్న కూతురిని ముందురోజు ఆయనే పంపాడు.

"గెల్సినంక ఫోన్ చెయ్. ఆ మాట ఇని లోపలికి పోత."

"ఓడితే?"

"గది గూడ చెప్పు. ఇంట్ల తిండి బంద్ చేపిస్త."

ఫోన్ చేసింది నవత కాదు, చిన్నమ్మ యాకమ్మ. ఎనుమాముల మార్కెట్లో మిర్చి పని నుంచి ఆమె మైదానం గేటుకు వచ్చేసరికి ఆట అయిపోయింది. "నవత, నో హిట్" అని కోచ్ కృష్ణమోహన్ మైకులో చెబుతున్నాడు. నవత నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

"అక్కా, హిట్ కాలేదట," అని యాకమ్మ దవాఖానలో సమ్మయ్య పక్కనున్న నవత తల్లి పోశవ్వకు ఫోన్లో చెప్పింది. "మైకుల చెప్తాండ్రు. పోరి ఏడుస్తాంది."

"ఏమాయె?" అని సమ్మయ్య అడిగాడు.

"ఓడిందట."

"ఏడ్వకుమని చెప్పు," అని ఆయన గోడవైపు తిరిగాడు.

యాకమ్మ నవత దగ్గరికి వెళ్లింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. కోట్లు పెట్టిన సిన్మాలే హిట్ కావు."

"ఏంది చిన్నమ్మా, గెల్సినం గద."

"మరి హిట్ లేదన్నరు?"

"వాళ్లకు హిట్ లేదు. నేను కొట్టనియ్యలే."

యాకమ్మ తన ఫోన్ నవత చేతికిచ్చింది. "మీ అవ్వకు ఓడినట్టే చెప్పిన."

నవత తల్లికి ఫోన్ చేసింది. సమ్మయ్యను అప్పటికే థియేటర్లోకి తీసుకుపోయారు. పోశవ్వ ఫోన్ పట్టుకునే తలుపు దాకా వెళ్లి, నర్సు స్నేహలతను ఆపింది.

"అమ్మా, జర ఆయనకు చెప్పు. బిడ్డ గెల్సిందని."

స్నేహలత లోపలికి వెళ్లింది. నవత లైన్లోనే ఉంది. నర్సు తిరిగొచ్చి చెప్పిన మాట ఆమెకూ వినిపించింది.

"చెప్పిన. 'మరి ఓడిందన్నరు గద' అన్నడు. గంతల మత్తెక్కింది."

పదకొండుంబావుకు ఆపరేషన్ మొదలైంది.