కొండవాకిలి తలుపు తీసిందెవరు

నేను ఒక పుస్తకాన్ని. కాదు, అప్పటికింకా పుస్తకం కాబోయేదాన్ని. అచ్చుకు వెళ్లే ముందు తప్పులు చూసుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి కుట్టించుకునే నమూనా ప్రతిని. కాకినాడలో వీర్రాజు అనే బైండరు నన్ను కుట్టి, అంచులు కోసి, జిగురు ఆరకముందే హైమవతి గారి చేతిలో పెట్టాడు. "ఇన్ని కోటలు, ఇంతమంది రాజులు! ఏ కాలంలోవండీ ఇయ్యన్నీ?" అని అడిగాడు. ఏ కాలంలోనూ లేవని ఆవిడ చెబితే నావైపు జాలిగా చూశాడు.

హైమవతి గారు కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం తొమ్మిది కోటల లంకను ఏలుతారు. అదొక ఆట. ఆవిడ కథ నడుపుతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి, తామేం చేస్తారో చెప్పి పాచిక వేస్తారు. గుట్టుగా చేయాల్సిన పని ఉంటే చీటీ మీద రాసి ఆవిడకిస్తారు. చీటీలో సంగతి ఆవిడ ఎవరికీ చెప్పకూడదు. పదకొండేళ్లుగా అలా ఆడిన లంకే నాలో ఉంది. నదులు కొండెక్కే దేశం. చచ్చినవాళ్లు పిట్టలై వచ్చి, కిటికీల దగ్గర వాలి, తమ పేర్లేమిటని అడిగే దేశం. అందులో కొండవాకిలి అనే కోట ఉంది. లోపలివాళ్లు తీస్తే తప్ప దాని తలుపు ఏ సైన్యానికీ తెరుచుకోదు.

ఆరేళ్ల కిందట, ఆటలో, ఆ తలుపు తెరుచుకుంది. శత్రువుల బూడిద సేన లోపలికొచ్చి ఊరంతా తగలబెట్టింది. ఆ పూట కాపలా సోమేటిది. సోమేటి అంటే వాచీలు బాగుచేసే జహంగీర్ ఆడే పాత్ర. "నేను తియ్యలేదర్రా" అని అతను ఎంత మొత్తుకున్నా మిగతా నలుగురూ వినలేదు. సోమేటిని ఉరితీశారు. జహంగీర్ లేచి వెళ్లిపోయి మళ్లీ ఆటకు రాలేదు. లేని కోటలో లేని మనిషిని ఉరితీస్తే, ఉన్న మనుషులు ఆరేళ్లు మాట్లాడుకోలేదు! మీ మనుషుల సంగతి నాకిప్పటికీ అంతుబట్టదు.

నన్ను పరిచయం చేసే సభ లైబ్రరీ హాల్లో పెట్టారు. పదిరోజుల్లో అచ్చుకు వెళ్లే పుస్తకం ఎలా ఉంటుందో చూద్దామని యాభై మంది దాకా వచ్చారు. హైమవతి గారు ఫోన్ చేసి మరీ పిలిస్తే జహంగీర్ కూడా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఈ వంకనైనా అతను మళ్లీ ఆటకు రావాలని ఆవిడ ఆశ.

వాళ్లకో అలవాటుంది. లంక సంగతులు రాసుకున్న నోటుబుక్కును ఆటకు ముందు ఎవరో ఒకరు కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడిన చోట పైకి చదవాలి. ఆ అలవాటు కొద్దీ ఆవిడ నన్ను బ్యాంకు ఉద్యోగి చిట్టిరాజు చేతికిచ్చారు. చిట్టిరాజు పాత్ర కోటలో వైద్యుడు అగరుడు, అందరికీ తలలో నాలుక. నోటుబుక్కులో రహస్యాలు ఉండేవి కావు. నాలో ఉన్నాయని ఆవిడకు ఆ క్షణాన తట్టలేదు. నా వెనక సగం, కథ నడిపేవాళ్లు మాత్రమే చదవాల్సింది, పదకొండేళ్ల చీటీలతో నిండి ఉంది.

చిట్టిరాజు గొంతు సవరించుకుని అందుకున్నాడు. "కొండవాకిలి తలుపు తీసినవాడు సోమేటి కాదు..."

చివరి వరుసలో కుర్చీ కిర్రుమంది. చిట్టిరాజు కళ్లు తర్వాతి మాట మీద ఆగిపోయాయి. నేనూ నిర్ఘాంతపోయాను. నా ఒంటి మీద అచ్చయిన వాక్యమే, కానీ ఎవరో ఒకరు చదివితే కదా నాకైనా తెలిసేది! అతని బొటనవేలి చెమటకు కాగితం తడిసింది. హైమవతి గారి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"చదవరా! ఎవడు తీశాడు?" అని ఆటలో స్నేహితులు ముందు వరుసలోంచి అరిచారు.

పేజీ తిప్పేయొచ్చు. నోటికొచ్చిన పేరు చెప్పేయొచ్చు. అతను తిప్పలేదు.

"...వైద్యుడు అగరుడు. శత్రువులకు చిక్కిన తమ్ముణ్ణి విడిపించుకోవడానికి తీశాడు. ఆ సంగతి చీటీ మీద రాసిచ్చాడు. సోమేటిని ఉరితీయాలని మొదట చెయ్యెత్తినవాడూ అతనే."

జహంగీర్ నడుచుకుంటూ వచ్చి నన్ను లాక్కుని, ఆ నాలుగు వరుసలూ రెండుసార్లు చదివాడు.

"ఆరేళ్లు, చిట్టీ! రోజూ నా షాపు ముందు నుంచే కదరా బ్యాంకుకెళ్లేవోడివి. ఒక్కరోజు ఆగి చెప్పలేకపోయావా?"

"ముందు ఆటే కదా అనుకున్నాన్రా. నువ్వు లేచెళ్లిపోయాక నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

"చీటీల నియమం పెట్టింది నేను," అన్నారు హైమవతి గారు. "అచ్చుకి ముందు ఆ పేజీ తీసేస్తాను జహంగీర్ గారూ."

"ఒక్క అక్షరం తియ్యొద్దండి. కొత్త పాత్ర రాసుకోవడానికి నాకో కాగితం ఇప్పించండి."

జహంగీర్ వెళ్లి చిట్టిరాజు పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా అట్ట మీద కాగితం పరిచి, కలం నొక్కిపట్టి రాశాడు. పేరు మందార. వయసు పదిహేడు. సోమేటి కూతురు. కోటకు వచ్చిన పని, వైద్యుడి ఇల్లు వెతకడం.

అచ్చయిన పుస్తకాలు ఊళ్లు పట్టుకుని పోయాయి. నేను ఆటబల్ల మీదే ఉండిపోయాను. జహంగీర్ మళ్లీ ఆటకు రావడం మొదలై మూడు ఆదివారాలైంది. మందార వైద్యుడి వీధి మొదట్లోకి వచ్చింది. పాచిక వేసేటప్పుడు చిట్టిరాజు జహంగీర్ ముఖంలోకి చూడడు. అయినా అందరికంటే ముందొచ్చి, జహంగీర్‌కి కుర్చీ వేసి కూర్చునేది అతనే.