తొణకని దారి

రంగు గాజు ముక్కల్ని సీసం పట్టీలతో అతికించి కిటికీలు చేయడం వదిన పని. మామగారి చేతికింద పని నేర్చి, సొంతంగా చేసిన మొదటి కిటికీ ఇది. ఊరవతలి పిల్లల గ్రంథాలయానికి పగలకుండా చేరితే మిగతా కిటికీలూ ఆమెకే. బీటవారితే, "ముందే చెప్పాం కదా!" అనడానికి చుట్టాలు నోళ్ళు కడుక్కుని కూర్చున్నారు.

వ్యాను తోలేది వదిన, దారి చెప్పేది మరిది. అతని ఫోనులో మ్యాపు సంత మీదుగా పొమ్మంది. ఆమె ఫోనులోది రైలుగేటు మీదుగా పొమ్మంది.

"ఇది ఎడమంటే అది కుడంటోంది. ఇద్దరు పెళ్ళాల మొగుడి బతుకైపోయింది, వదినా!"

"ముందు ఒకర్ని తెచ్చుకో. పోలికలు తర్వాత."

వదిన రెండు ఫోన్లూ నొక్కి చూసింది. దగ్గరి దారా, తొందర దారా అని అడుగుతున్నాయే గానీ, కుదుపుల్లేని దారా అని ఏదీ అడగలేదు.

"ఖాళీ వ్యానుతో ఇవాళే రెండు దారులూ చూసొద్దాం. గిన్నెలో సగం నీళ్ళు పోసి ఒళ్ళో పెట్టుకో. తొణికిన చోటల్లా గాజుకు గండమే."

వీధి మలుపులోనే మరిది ప్యాంటు తడిసిపోయింది. గిన్నె అంచుదాకా నింపుకొచ్చాడు మరి.

"సగమే కదా పోయమన్నాను?"

"నిండుకుండ తొణకదంటారు కదా!"

"ఆ మాట మనుషులకి, అబ్బాయ్. నీళ్ళకేం తెలుసు!"

నవ్వాపుకోలేక వ్యాను ఆపేసింది. అంతలోనే ఏదో తట్టింది. "ఉండనీలే. సగం గిన్నె చిన్న కుదుపుల్ని కడుపులో దాచుకునేది. ఇది అన్ని చాడీలూ చెప్పేస్తోంది. ఒలికినప్పుడల్లా మళ్ళీ నింపు."

సంత దారి మొదట్లో చుక్క ఒలకలేదు. చివరి గుంతల్లో మాత్రం మరిది స్నానమే చేశాడు. గేటు దారిది తిరగేసిన కథ. పట్టాల దగ్గర ఒలికింది, ఆ తర్వాత నున్నగా సాగింది. సంత దారిని గుంతలకు ముందు, గేటు దారిని పట్టాల తర్వాత కలుపుతూ మిల్లు పక్కన ఒక సందుంది; అందులోనూ చుక్క ఒలకలేదు.

మర్నాడు కిటికీని దుప్పట్లలో చుట్టి, నిలువుగా కట్టి బయల్దేరారు. మిల్లు సందులోకి తిరగగానే రెండు ఫోన్లూ ఒక్కసారే అరిచాయి: "దారి తప్పారు. వెనక్కి తిరగండి."

"ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు, వదినా!"

ఆమె తిరగలేదు.

గ్రంథాలయంలో ఆమె దుప్పట్లు విప్పింది. సీసం పట్టీల వెంట బొటనవేలు నడిపింది. ఎక్కడా బీట లేదు. ఎండ తగిలి నేలమీద నీలం, ఎరుపు పరుచుకున్నాయి. గ్రంథపాలకురాలు ఆ రంగుల్లోనే నిలబడి, పక్క కిటికీ వైపు చూపించింది.

"దీని కొలత కూడా ఇప్పుడే తీసుకుంటారా?"

వదిన సంచిలోంచి టేపు తీసింది. "కొస పట్టుకో అబ్బాయ్, కదలకు."

"నిండుకుండను వదినా, తొణకను."

"నిన్న చూశాంలే నీ నిండుకుండను! గట్టిగా పట్టుకో."