అంటే ఏంటే?

కోటేశ్వరి చూపు కాగితం మీద, వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆ ఫ్లెక్సీ షాపులో అక్షరాలు కొట్టడం ఆమె పని. ఫొటోలు పెట్టి ప్రింటు తీసేది షఫీక్. పొద్దుటి నుంచి పత్తి విత్తనాల బోర్డు అయింది, ఓణీల ఫంక్షన్ అయింది, రెండు శ్రద్ధాంజలులు అయ్యాయి. ఒత్తులు, దీర్ఘాలు సరిచూసి పంపేసింది.

"అక్కా, ఓణీల పిల్ల పేరేంటి? ఫైలు కనపడట్లా."

"నన్నడిగితే? తప్పుల్లేవు. అంతవరకే నాకు తెలుసు."

"నీ పెళ్లి కార్డు నువ్వే కొట్టినా మొగుడి పేరు గుర్తుండదు నీకు."

"ఉండకపోతేనే నయం" అని తుమ్మింది. యార్డు వైపు నుంచి ఘాటు వస్తోంది.

టేబుల్ కింద సంచిలో స్టీలు డబ్బా ఉంది. అది రెబ్కా ఆయమ్మది. చిన్నప్పుడు కోటేశ్వరి ఉన్న హాస్టల్లో ఆయమ్మ వంట చేసేది. ఎన్నిసార్లు వల్లించినా కోటేశ్వరికి పాఠం తెల్లారేసరికి పోయేది. పొయ్యి దగ్గర కూర్చుని చదువుతుంటే ఆయమ్మ ప్రతి మాటకీ "అంటే ఏంటే?" అనేది. ఆమెకు చదువు రాదు, నిజంగానే అడిగేది. బాష్పీభవనం అంటే ఏమిటో ఎసరు మీద మూత తీసి చూపించాల్సి వచ్చింది. ఆ పొయ్యి దగ్గర చెప్పిన మాటలు ఇప్పటికీ పోలేదు.

ఆయమ్మ మంచాన పడింది. "డబ్బా ఇవ్వటానికైనా రావే" అంది మొన్న ఫోన్లో. ఆవకాయ వచ్చిన డబ్బాను ఖాళీగా ఇవ్వకూడదని కోటేశ్వరి అందులో కేసరి పెట్టింది. ఈ సాయంత్రం ఎలాగైనా వెళ్లి చూడాలి.

షాపు నుంచి బయటపడి ఆటో ఎక్కింది. ఆయమ్మ ఉండే సందు మొదట్లో దిగితే అక్కడ ఫ్లెక్సీ కట్టి ఉంది. అలవాటు కొద్దీ ఒత్తులు చూసింది. తప్పుల్లేవు. ఆ తర్వాత ఫొటో చూసింది.

ప్రభువునందు నిద్రించిన శ్రీమతి రెబ్కా గారి భూస్థాపన ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు. పొద్దున తను కొట్టిందే.

వాకిట్లో ఆయమ్మ కూతురు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"ఇప్పుడా రావటం? అందరూ వెళ్లిపోయారు. నీకెవరూ చెప్పలేదా?"

"పొద్దున్నే చెప్పారు" అంది కోటేశ్వరి.

డబ్బా అరుగు మీద పెట్టి ఫ్లెక్సీ దగ్గరికి తిరిగొచ్చింది. ఒక్కో మాటా పైకి చదివింది. భూస్థాపన అన్న దగ్గర ఆగింది. అడిగేవాళ్లు లేరు. రోడ్డు వైపు నడిచింది.

అరుగు మీద డబ్బా ఉండిపోయింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: రెబ్కా.