రబ్బరు బుష్‌లు

కారు ముందు భాగంలో టకటకమని చప్పుడొస్తోందని చెబితే, "పాటలు కొంచెం సౌండ్ పెంచుకో కాత్యా, వినపడదు" అన్నాడు మా ఆయన సుమంత్. నేనూ నవ్వాను. ఆ పాత కారు రోజూ నడిపేది నేనే. దేశం దాటొచ్చి మేముంటున్న వెర్రిబీలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయించడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం నా ఉద్యోగం. తుంటి ఆపరేషన్ అయిన ఒకావిడ స్పీడ్ బంప్ వచ్చినప్పుడల్లా సీటంచు పట్టుకుని కళ్ళు మూసుకునేది. అదీ చెప్పాను. "నెమ్మదిగా పోనీ మరి" అన్నాడు.

ఒక ఆదివారం భానుశ్రీ మా కారెక్కింది. సుమంత్‌కి యూనివర్సిటీలో క్లాస్‌మేట్, ఉండేది పక్క ఊరు టార్నీట్‌లో, తన కారు తనే విప్పి బిగించుకుంటుంది. వీధి మలుపు దాటకముందే, "సస్పెన్షన్ బుష్‌లు పోయాయి సుమంత్, నీకు తెలీట్లేదా?" అంది. చక్రాలకూ బాడీకీ మధ్య కుదుపును మింగే చిన్న మెత్తలవి. ఆ సాయంత్రమే అతను లాప్‌టాప్ ముందు కూర్చుని ఆమెకు ఫోన్ చేశాడు.

గిన్నెలు తోముతూ విన్నాను. రబ్బరువి మెత్తనివి, త్వరగా అరుగుతాయి. పాలీయురెథేన్ ప్లాస్టిక్‌వి గట్టివి, ఎక్కువ కాలం వస్తాయి. ఆమె చెప్పే ప్రతి మాటకీ "అవునా, తర్వాత?" అంటూ ముందుకు వంగి వింటున్నాడు. పక్కన టీ పెట్టినా చూడలేదు. నా ఒళ్ళు మండింది. వాళ్ళ మధ్య ఏమీ లేదని నాకు తెలుసు. ఉన్నా బాగుండేదేమో, నా మంటకు నలుగురికీ అర్థమయ్యే పేరొకటి దొరికేది. నన్ను కాల్చింది అతని ముఖం. ఇన్నేళ్ళలో నా మాట వింటున్నప్పుడు ఆ ముఖం ఒక్కసారీ అలా లేదు. ముందు ఆ చప్పుడు విన్నది నేను. నేను చెబితే సణుగుడు, ఆమె చెబితే నాలెడ్జ్. ఆమె పొట్టి జుట్టునీ, గ్రీజు పట్టిన గోళ్ళనీ కూడా ఓర్వలేకపోయాను.

"డైలీ నడిపేది కాత్యాయని కదా, తనని అడుగు" అంది స్పీకర్‌లో భానుశ్రీ.

"తనకేం తెలుసు? స్టీరింగ్ తిరిగితే చాలు తనకి."

ఆమె నవ్వింది. "అయితే పాలీ వేయించెయ్."

ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు. "రేపు కారు వర్క్‌షాప్‌లో ఇచ్చెయ్. పాలీ అని చెప్పు చాలు, ఇంకేం మాట్లాడకు."

వర్క్‌షాప్‌లో రెండు రకాలూ చేత్తో నొక్కి చూశాను. పాలీది వేలికి లొంగలేదు. తుంటి ఆపరేషన్ ఆవిడ మూసిన కళ్ళు గుర్తొచ్చాయి. రబ్బరువి వేయమన్నాను.

తర్వాతి ఆదివారం భానుశ్రీ ఇంట్లో బార్బెక్యూ విందుకి బయలుదేరాం. నేనే నడుపుతున్నాను. స్పీడ్ బంప్ మీద కారు మెత్తగా దిగింది.

"చూశావా, భాను చెప్పినట్టు పాలీ వేయిస్తే ఎంత తేడానో."

"అవి రబ్బరువి. నేను వేయించాను."

అతను ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాడు. "ఉండు, రబ్బరువి పర్లేదో లేదో భానుని అడుగుతా."

ఇండికేటర్ వేసి కారు ఎడమ పక్కకు ఆపాను.

"ఫోన్ లోపల పెట్టు సుమంత్. ఎందుకు వేయించావని నన్నడుగు."

అటువైపు నుంచి "హలో, హలో" అంటోంది భానుశ్రీ. అతను ఫోన్ వైపూ నా వైపూ చూశాడు. నేను ఇంజన్ ఆపి, సీటు బెల్టు తీసేసి కూర్చున్నాను.