పైవాటా వాషింగ్ మెషిన్

చిక్కడపల్లిలో విద్యావతిది సొంతిల్లు. కింద తాముండి, పైవాటా కిరాయికిచ్చారు. ఇంటి ఓనరు తానే అయినా, ఏడాదిగా ఆమె కళ్లెప్పుడూ పైవాటా మీదే. అందులో ఉండే కుమారస్వామి, త్రివేణి దంపతుల ఇంట్లోకి ముందు రెండు తలుపుల ఫ్రిజ్ ఎక్కింది, తర్వాత గోడంత టీవీ ఎక్కింది. రెండువేల పన్నెండు దసరాకు వాషింగ్ మెషిన్ కూడా ఎక్కింది. విద్యావతి మాత్రం ఇంకా బండ మీదే బట్టలు ఉతుక్కుంటోంది.

"నీది, ఆ కుమారస్వామిది ఒక్క తీరు సర్కారు కొలువే గద. వాళ్లకెట్ల వస్తున్నయి గివన్ని?" అని భర్త జగదీశ్వర్‌ను నిలదీసింది.

"వాళ్ల తిప్పలేవో వాళ్లు పడుతున్నరు. నీకెందుకు పరేషాన్?" అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె మనసు ఊరుకోలేదు. ముగ్గురే ఉన్న ఇంట్లో మెషిన్ రోజుకు నాలుగుసార్లు తిరుగుతోంది. సాయంత్రం నాలుగయ్యేసరికి త్రివేణి ఓ పెద్ద సంచీ మీద దుప్పటి కప్పి మెట్లు దిగుతుంది. ఎక్కడికంటే, "ఇక్కడికే అక్కా" అంటుంది. నలుగురికీ చెప్పుకునే పనైతే దాచడమెందుకు?

ఓ మధ్యాహ్నం ఎదురింటి ప్రభావతి దగ్గర విద్యావతి నోరు జారింది. "కుమారస్వామి లంచం తింటున్నట్టున్నడు వదినా. లేకుంటె గన్ని సామాన్లెక్కడియి?"

"తింటున్నట్టున్నడు" అన్న మాట, ప్రభావతి నోట్లో పడి "తింటున్నడు" అయిపోయింది. రెండు రోజుల్లో గల్లీ అంతా పాకింది.

మరుసటి వారం విద్యావతి ఉండబట్టలేక కొంగు కప్పుకుని త్రివేణి వెనకాలే నడిచింది. త్రివేణి అశోక్‌నగర్ గల్లీల్లోకి తిరిగి, జిరాక్స్ షాపులు దాటి, ఓ ఆడపిల్లల హాస్టల్ ముందు సంచీ దించింది. దుప్పటి తీస్తే లోపల మడతపెట్టిన బట్టలు. పరీక్షలకు చదివే పిల్లలు చుట్టూ మూగారు.

"అక్కా, నా పచ్చ చుడీదార్ తెచ్చినవా?"

విద్యావతి చప్పున వెనక్కి తిరిగింది. అప్పటికే త్రివేణి చూసేసింది.

"రాండి అక్కా. ఇంత దూరం వచ్చి తిరిగిపోతున్నరేంది?"

"నాతోటి చెప్తే ఏమైతుండె?" అంది విద్యావతి, తడబడుతూ.

"ఏడాది సంది మందివి బట్టలు ఉతుకుతున్న, మెషిన్ రాకముందు చేత్తోనే. చెప్తే చిన్నచూపు చూస్తరేమోనని చెప్పలే." త్రివేణి చేతిలోని చుడీదార్‌ను ఆ పిల్లకిచ్చింది. "మా ఆయన లంచం తింటడని గల్లీల అందరికి తెలుసంట. మాకే నిన్న తెలిసింది. పాలాయన మొఖం మీదనే అడిగిండు. అప్పటి సంది ఆయన అన్నం ముట్టలే."

విద్యావతి కొంగును తల మీదికి ఇంకొంచెం లాక్కుంది.

"ఎవరన్నరని నేను అడుగుతలేనక్కా" అని త్రివేణి ఖాళీ సంచీ మడుచుకుంది.

నెల తిరక్కముందే వాళ్లు నారాయణగూడకు మారిపోయారు. నలుగురు మనుషులు మెషిన్‌ను మెట్ల మీదుగా దించుతుంటే విద్యావతి తలుపు వెనకే నిలబడింది. బయటికి వచ్చి పోయిరండని అనడానికి కూడా ముఖం చెల్లలేదు.

సామాను బండి కదిలాక నేరుగా ప్రభావతి దగ్గరికి వెళ్లింది.

"నేనే తప్పు మాట్లాడిన వదినా. ఆమె హాస్టల్ పిల్లల బట్టలు ఉతికి కొనుక్కున్నదవన్ని."

ప్రభావతి బియ్యం చేట పక్కనపెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. "మొన్నటిదాక నువ్వే అంటివి. ఇయ్యాల ఇట్ల మాట మారుస్తున్నవ్. పోంగపోంగ నీకేమన్న ఇచ్చి పోయిన్రా ఏంది?"

విద్యావతి ఒట్టు పెట్టినా ఆమె నమ్మలేదు. సాయంత్రానికి గల్లీలో ముగ్గురు ఆడవాళ్లు, ఖాళీ అయిన వాటా చూస్తామంటూ వచ్చారు. పైకి మాత్రం ఎవరూ ఎక్కలేదు. కిందే విద్యావతి ఇంట్లో కూర్చుని, కొత్త సామానేమైనా చేరిందా అన్నట్టు మూలమూలా చూసి వెళ్లారు.